ఎవరి వాటాకీ రానిది

పోయిన వారం మనం మంజుషను వదిలి వచ్చేసరికి ఆమె కంప్యూటర్ తెరమీద ఒక వాక్యం నిలబడి ఉంది. ఇవాళ మధ్యాహ్నం వచ్చి చూసినా అదే వాక్యం. ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదు అని, ఆ ఫైలు ఫలానా ప్లగిన్‌కి అవసరం అని. ఇంగ్లీషులో ఉన్న ఆ మాటల్ని మంజుష తెలుగులో చెప్పిన రోజున ఆమె అత్తగారు సూర్యావతి తెరను ఎగాదిగా చూసింది. "దొరకలేదని చెబితే చాలదా? ఎవరికి అవసరమో కూడా చెప్పాలా ఆ యంత్రం?" అంది.

మంజుష స్టూడియో గది కడియంలో, ఒక నర్సరీ కుండీల షెడ్డు మీద. కింద పొద్దంతా లారీలకు మొక్కలెక్కిస్తారు. లారీలు కదిలాక గానీ మంజుష మైకు తెరవదు. నర్సరీల ప్రకటనలు, పెళ్ళిపాటలు, భజనలు రికార్డు చేసి ఇవ్వడం ఆమె జీవనాధారం. భీమవరంలో ఉన్నప్పుడు ఇదే పని భర్త వంశీతో కలిసి చేసేది. విడిపోయిన రోజున ఆ స్టూడియోను పెద్దమనుషులు కూర్చుని పంచారు.

పంచింది వంశీ పెదనాన్న ఆంజనేయరాజు గారు. చుట్టుపక్కల ఎన్నో చేపల చెరువులు తగువు లేకుండా పంచిన మనిషి. గట్టు ఒకరికి, మోటారు ఒకరికి ఇచ్చినా అన్నదమ్ములు సర్దుకుని చేపలు పెంచుకున్న ఇళ్ళు ఆయనకు తెలుసు. స్టూడియోను కూడా ఆయన అలాగే చూశారు. "చూడండమ్మా మంజుష గారూ, పెట్టె మీదండి. పెట్టెలో మావాడు కొని వేసుకున్న సరుకు మావాడిదండి. ఇందులో తగువేముంది?" అన్నారు. కంప్యూటర్లోంచి డిస్కు ఊడదీసి వంశీ చేతిలో పెట్టారు. ఖాళీ పెట్టె మంజుషకు వచ్చింది. చేసిన న్యాయానికి అందరూ తలలూపి కాఫీలు తాగారు.

సూర్యావతి మాట మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. కొడుకు దగ్గర ఉంటుందని అందరూ అనుకున్నారు. మంజుష సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కుతుంటే ఆవిడ కూడా తన చేతిసంచీతో వచ్చి డ్రైవరు పక్కన కూర్చుంది. ఎందుకని మంజుష అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

ఖాళీ పెట్టెకు మంజుష కొత్త డిస్కు కొని, డబ్బు అక్కర్లేదు కదా అని విండోస్ బదులు లైనక్స్ వేసుకుంది. అయితే వాళ్ళు పనికి వాడిన ప్లగిన్లన్నీ విండోస్ కోసం చేసినవి. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే పనిముట్టు. ఒకటి గొంతును నునుపు చేస్తుంది, ఒకటి మోత తగ్గిస్తుంది. అవి లైనక్స్‌లో నడవాలంటే వైన్ అనే ప్రోగ్రాం కావాలి, దానికీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య వంతెనలా ఇంకో ప్రోగ్రాం కావాలి. మంజుష నెట్లో చదువుకుంటూ, చెడగొట్టుకుంటూ, మళ్ళీ మొదలుపెడుతూ ఒక్కొక్కటే నిలబెట్టుకుంది. వంశీ అనుమతితో పాత రికార్డింగులతో పాటు ప్లగిన్ల ఫోల్డరు కూడా డిస్కు ఊడదీసే ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. అన్నీ నడిచాయి, ఒక్కటి తప్ప. దానికి రెండు లైబ్రరీలు, అంటే అది నడవడానికి ఆసరాగా ఉండాల్సిన ఫైళ్ళు, తక్కువయ్యాయి. ఒకటి అందరూ వాడేదే, నెట్లో దొరికింది. రెండోది ఆ ప్లగిన్ చేసినవాళ్ళ సొంతది. వాళ్ళు దుకాణం మూసేశారు. వాళ్ళ వెబ్‌సైటు కూడా లేదు.

ఆ ఒక్కదాని మీదే అప్పాజీ గారి గొంతు ఆధారపడి ఉంది.

పట్టిసీమ దగ్గర రైతు ఆయన. ఏ పెళ్ళికైనా ముందు వీరభద్రుడి సంబరం చేసే ఆనవాయితీ ఉన్న ఇంట్లో పుట్టారు. ఆ సంబరంలో ఒకరు కత్తి పట్టుకుని దక్షయజ్ఞం ఘట్టాలను గుక్క తిప్పుకోకుండా చదువుతారు. దాన్ని ఖడ్గం చదవడం అంటారు, ఒక్కో ఘట్టం ఒక ఖడ్గం. ఆ పని ఆ ఇంట్లో అప్పాజీ గారిదే. నిరుడు వాళ్ళ బంధువుల సంబరంలో ఆయన చదువుతుంటే వంశీ, మంజుష రికార్డు చేశారు. పక్కనే లైట్ల జనరేటరు. ఆ మోతలోంచి మాటను వేరుచేయడానికి ఆ ప్లగిన్‌తో ఇద్దరూ కూర్చుని ఎంతో ఓపిగ్గా సర్దారు. ఆ సర్దుబాటంతా ఆ ప్లగిన్‌కే తెలుసు, శుభ్రం చేసిన కాపీ విడిగా తీసి పెట్టుకోలేదు. వేరేవాటితో మంజుష ప్రయత్నిస్తే ఆయన నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు వచ్చింది.

ఆ తర్వాత అప్పాజీ గారి గొంతులో పుండు బయటపడింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. రేపు సాయంత్రం ఆయన కూతురు హారతి పెళ్ళి సంబరం. తన గొంతే అక్కడ వినపడాలని ఆయన పట్టు. కాసేపట్లో రికార్డు వినడానికి వస్తున్నారు.

సూర్యావతి పొద్దుటినుంచి మెట్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. కొడుక్కి ఫోన్ చేశానని, డిస్కు తెస్తానన్నాడని మాత్రం కోడలికి చెప్పింది. ఇంకేం మాట్లాడిందో చెప్పలేదు. గ్యాసు కట్టేశానా లేదా అని లేచి చూసి వచ్చింది. మళ్ళీ కూర్చుంది. ఆరేసిన చీరలు తెచ్చి మడతపెట్టింది. మడతపెట్టినవాటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అత్తయ్యగారూ, కాసేపు నడుం వాల్చండి. వస్తే లేపుతాను కదా."

"పడుకుంటే వాడు తలుపు కొట్టి వెళ్ళిపోతాడేమో."

"మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఊరికే ఎందుకు వెళ్ళిపోతారండీ?"

సూర్యావతి మెట్లవైపు తొంగి చూసింది. ఎవరు ఊరికే వెళ్ళిపోతారో, ఎవరు చెప్పి వెళ్ళిపోతారో ఆవిడ తన బతుకంతా చూసింది. గుమ్మంలో ఎవరైనా చెప్పులేసుకుంటే చాలు, ఆవిడ ఇప్పటికీ లేచి గుమ్మందాకా వెళ్ళి చూస్తుంది.

వంశీ వచ్చేసరికి ఎండ నిలువునా ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మనిషి చిక్కాడు. గడ్డం కూడా సరిగ్గా గీసుకోలేదు. కాకినాడలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికిందని మంజుషకు తెలుసు గానీ చూడటం విడిపోయాక ఇదే. గుమ్మం బయట చెప్పులు విప్పి అలాగే నిలబడ్డాడు.

"రా బాబూ. మజ్జిగ తాగు."

"తర్వాత తాగుతానమ్మా." లోపలికి చూశాడు. "బాగున్నారాండీ?"

"బాగానే ఉన్నానండి. కూర్చోండి," అంది మంజుష కుర్చీ తిప్పకుండా.

కలిసి ఉన్నన్నాళ్ళూ అరుచుకున్న మనుషులు విడిపోయాక ఇంత మర్యాదగా మాట్లాడుకుంటుంటే సూర్యావతికి ఆ అరుపులే నయమనిపించింది. మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టింది.

వంశీ గది చుట్టూ చూశాడు. "గోడలకి గోనెసంచులేంటండీ?"

"చప్పుడు పీల్చే ఫోమ్ మీ వాటాకి వెళ్ళింది కదండీ."

"నేను అడగలేదు. పెదనాన్నగారే ఇచ్చారు."

"ఇచ్చారు. మీరు తీసుకున్నారు."

"అది అటక మీద పడి ఉందండీ. కావాలంటే పంపిస్తాను."

"వద్దులెండి. గోనెలు బాగానే పనిచేస్తున్నాయి. పేడ ఎరువు వాసన ఒక్కటే. పాడేవాళ్ళు తొందరగా పాడేసి వెళ్ళిపోతారు."

వంశీకి నవ్వొచ్చింది. నవ్వాలో వద్దో తెలియక డిస్కు సంచిలోంచి తీశాడు. తెరమీది వాక్యం చదివాడు. "విండోస్ వేసుకుంటే ఈపాటికి అయిపోయేది."

"విండోస్ ఎవరి వాటానో మర్చిపోయారా?"

ఆ మాటకు అతను తలవంచుకుని తీగ గుచ్చాడు. డిస్కులోని ఫోల్డర్లు తెరుచుకున్నాయి. వాటికి ఉన్న పేర్లన్నీ మంజుష పెట్టినవే. ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె వాటివైపు చూడకుండా ఫైలు పేరు చెప్పింది. అతను వెతికాడు. చిన్న ఫైలు. ఒక పాట ఫైలంత కూడా లేదు.

"ఇదేనా?" అంది సూర్యావతి వెనకనుంచి.

"ఇదేనమ్మా."

"ఇంతేనా?"

"ఇంతే," అన్నాడు వంశీ. "ప్లగిన్ పక్కన పడేయండి, చాలు."

మంజుష ప్లగిన్ ఉన్న ఫోల్డర్లోకి దాన్ని కాపీ చేసింది. వంతెన ప్రోగ్రాంకి మళ్ళీ చూసుకోమని చెప్పింది. ప్రాజెక్టు తెరిచింది. ఫ్యాను చప్పుడు, కింద లారీకి కూలీలు అందించుకుంటున్న కుండీల చప్పుడు. తెరమీద మళ్ళీ అదే వాక్యం.

"దొరకలేదంటోంది. పక్కనే ఉంది కదా!" అన్నాడు వంశీ.

"మీరు దీన్ని ఎక్కణ్ణుంచి తీశారు?"

"సిస్టం ఫోల్డర్లోంచి."

మంజుష కళ్ళు నులుముకుంది. "అదీ సంగతి. ప్లగిన్లకి నేను వాటి ఫోల్డరొక్కటే తెచ్చుకున్నాను. ఇది అందులో లేదు. ఇల్లంతటికీ ఉమ్మడిగా ఉండే చోట ఉంది. వేళ్ళకున్న మట్టిగడ్డ వదిలేసి మొక్కని పీక్కొచ్చానన్నమాట."

"లైనక్స్‌లో సిస్టం ఫోల్డర్ ఎక్కడుంటుందండీ?"

"వైన్ ఒక ఉత్తుత్తి సి డ్రైవ్ పెట్టుకుంటుంది. విండోస్ ఇంట్లో ఉన్నామని ఆ ప్లగిన్లు అనుకోవాలి కదా. అక్కడ పెట్టాలి. మీ ఇంట్లో ఎక్కడుంటే ఇక్కడా అక్కడే ఉండాలి దానికి. చోటు మారితే గుర్తుపట్టదు."

కాపీ చేసింది. మళ్ళీ తెరిచింది. ఈసారి వాక్యం రాలేదు. పచ్చటి చిన్న కిటికీ ఒకటి విచ్చుకుంది. దానిమీద మీటలన్నీ నిరుడు ఇద్దరూ కలిసి ఎక్కడ ఆపారో అక్కడే ఉన్నాయి.

మంజుష ప్లే నొక్కింది.

ముందు జనరేటరు మోత వచ్చింది. తర్వాత ఎవరో దాని మీద తడిగుడ్డ కప్పినట్టు ఆ మోత అడుగుకి దిగిపోయింది. పైకి ఒక గొంతు లేచింది. కాస్త బొంగురు, కాస్త పొగరు, అడుగడుక్కీ ఎక్కుతున్న గొంతు. ఒక్కో ఖడ్గం ముగిసినప్పుడల్లా జనం "శరభా! శరభా!" అన్నారు. ఆ కేకలకు స్పీకర్ల పక్కనున్న గాజుగ్లాసు అదిరింది. సూర్యావతి తెలియకుండానే చేతులు జోడించింది.

"మూడో ఖడ్గంలో దగ్గు ఉండాలి," అన్నాడు వంశీ మెల్లగా. "మీరు తీసేద్దామన్నారు. నేను వద్దన్నాను."

దగ్గు వచ్చింది. చిన్నది. ఆయన ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటుకుని ముందుకి వెళ్ళిపోయారు. ఆ రోజు అది వట్టి దుమ్ము దగ్గు అనుకున్నారు అందరూ.

"మంచిపని చేశారు," అంది మంజుష. విడిపోయాక ఆమె అతనితో అన్న మొదటి మెత్తని మాట అదే.

రికార్డు చివరిదాకా నడిచింది. పనయిపోయాక ఒంట్లోకి దిగే అలసట మంజుషకు ఒక్కసారిగా దిగింది. కుర్చీ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. వంశీ కిటికీ దగ్గర గ్లాసు తీసుకుని మజ్జిగంతా తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"మరి బయల్దేరదామా అమ్మా? ఆలస్యమైతే బస్సులో సీటు దొరకదు."

మంజుష కళ్ళు తెరిచింది. "ఎక్కడికి?"

సూర్యావతి చూపు తలుపు వైపు పోయింది. అప్పుడు చూసింది మంజుష, తలుపు వెనకాల. పొద్దుటినుంచి మడతపెట్టి విప్పి మడతపెట్టిన చీరలన్నీ చేతిసంచీలో సర్ది ఉన్నాయి. పైన కళ్ళజోడు పెట్టె, మాత్రల డబ్బా, సగం చదివిన వారపత్రిక. ట్రాలీ ఆటో ఎక్కిన రోజున ఒళ్ళో పెట్టుకున్న సంచీయే.

"అత్తయ్యగారూ?"

"నేనే అన్నానమ్మాయ్," అంది సూర్యావతి. కొంగు నడుముకి దోపుకుంది. "డిస్కు తెస్తే వాడితో కాకినాడ వచ్చేస్తానని నేనే చెప్పాను."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకుంటావా?"

మంజుష వంశీవైపు తిరిగింది. "ఒక ఫైలుకి మీ అమ్మగారా ధర?"

"ధర అని నేను అనలేదండీ."

"అనక్కర్లేదు. ఊరికే తెచ్చివ్వచ్చుగా? ముసలాయన గొంతండీ అది. బేరానికి పెట్టారా?"

"బేరం నేను పెట్టలేదు! అమ్మ ఆ మాట అంది. నేను వద్దనలేకపోయాను. అంతే." వంశీ గొంతు పెరిగి, మళ్ళీ తగ్గింది. "మీకేం తెలుసండీ. ఆఫీసులో కొత్తగా పరిచయమైన ప్రతివాడూ అడుగుతాడు, అమ్మగారు ఎక్కడుంటారని. ఏం చెప్పమంటారు? నన్నొదిలేసిన ఆవిడ దగ్గర ఉంటుందని చెప్పనా? ఇంటికెళ్తే లైటు నేనే వేసుకోవాలి. అన్నం నేనే వండుకుని, మాడితే నేనే తినాలి. ఆవిడ నాకు కూడా అమ్మేనండీ."

ఆ మాట అబద్ధం కాదు. మంజుషకు కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మౌస్ మీద చెయ్యి వేసింది. ఇప్పుడే పెట్టిన ఫైలును వెతికి, అక్కడినుంచి తీసేసింది. పక్కన పడేసిన మొదటి కాపీని కూడా తీసేసింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది. ప్రాజెక్టు మూసి తెరిచింది. వాక్యం మళ్ళీ వచ్చి నిలబడింది.

"ఏం పనమ్మా ఇది!" అంది సూర్యావతి.

"మీ డిస్కు మీరు పట్టుకెళ్ళండి వంశీ గారూ. నాకు అక్కర్లేదు."

"ఆయనకి ఏం చెబుతారు మరి?"

"చెబుతాను. నా చేత కాలేదని చెబుతాను."

వంశీ తీగ లాగేశాడు. డిస్కు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఎటు కదలాలో తెలియని వాడిలా. కింద స్కూటీ ఆగిన చప్పుడైంది. లారీ దగ్గర కూలీలతో ఎవరో అమ్మాయి దారి అడుగుతోంది. మెట్ల మీద రెండు జతల అడుగులు.

హారతి ముందు వచ్చింది, చేతులకి మోచేతులదాకా ఎండిన గోరింటాకుతో. "నమస్కారమండీ. నాన్నగారిని ఆపలేకపోయానండీ. ఇస్త్రీ పంచె కట్టుకుని పొద్దున్నే తయారు. పెళ్ళికొడుకు కంటే ఈయనదే తొందర."

వెనక అప్పాజీ గారు. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకున్నారు. పెద్ద మనిషి, ఇప్పుడు చొక్కా ఒదులైపోయింది. అందరికీ నమస్కారం చేశారు. వంశీని చూసి ముఖం విప్పారింది. ఇద్దరూ మళ్ళీ కలిశారనుకున్నట్టున్నారు. వంశీ భుజం మీద, తర్వాత మంజుష తలమీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, పెదవులు కదిపి ఊరుకున్నారు.

"సంబరానికి వేరేవాళ్ళని పిలిపిద్దామన్నాడండీ మా బాబాయి," అంది హారతి. "నాన్నగారు పలక మీద ఒకే ముక్క రాశారు. అయితే పెళ్ళికి నేను రాను అని. ఇంక ఎవరు మాట్లాడతారు?"

అప్పాజీ గారు తనకి తానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బల్లమీది హెడ్‌ఫోన్లు తీసి, నిరుడు వాళ్ళు నేర్పినట్టే చెవులకు పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పిడికిలి బిగిసింది. అందులో కత్తి ఉన్నట్టే ఉంది. ఆయన ఎదురుచూస్తున్నారు.

మంజుష తెరవైపు చూసింది. దొరకలేదు. ఫలానావారికి అవసరం.

ఆమె వంశీని చూడలేదు. సూర్యావతి వైపు తిరిగింది. హారతికి వినపడకుండా, చాలా అలసిన గొంతుతో అడిగింది.

"మీరు చెప్పండి అత్తయ్యగారూ. మీకేం కావాలి?"

ఆవిడ తెల్లబోయింది. పెళ్ళిచూపుల్లో ఆవిడను ఎవరూ ఈ మాట అడగలేదు. భర్త పోయినప్పుడు అడగలేదు. ఆంజనేయరాజు గారు కుర్చీలు, తీగలు, మైకులు, చివరికి గోడకున్న ఫోమ్ కూడా పేరుపేరునా పిలిచి పంచిన రోజునా అడగలేదు. జవాబు సిద్ధంగా లేదు ఆవిడ దగ్గర. సంచీ మాత్రం సిద్ధంగా ఉంది.

ఆవిడ సంచీ దగ్గరికే నడిచింది. ఆవిడ బయల్దేరుతోందనుకుని వంశీ అడ్డు తప్పుకున్నాడు. కానీ ఆవిడ సంచీ ఎత్తలేదు. అతని ముందు ఆగి అరచెయ్యి చాపింది.

"అది ఇటివ్వు బాబూ."

"ఏంటమ్మా?"

"డిస్కు. ఇవ్వు."

ఇచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది అది. ఆవిడ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని గుండెకి ఆనించుకుంది.

"పంపకాలనాడు నాకేం రాలేదు," అంది. "ఇది నా వాటా. ఇది ఎక్కడుండాలో, నేను ఎక్కడుండాలో ఇకమీదట నేనే చెబుతాను. ముందు మీరిద్దరూ వచ్చి నా ఎదురుగా కూర్చోండి."

బల్ల దగ్గర అప్పాజీ గారు ఏమీ వినపడక కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్లు ఒక చెవి మీదనుంచి తప్పించి, ఆవిడవైపు చూశారు.